ఎంఎల్‌పీ ఫండు కొనేముందు: ఏడు శాతం కాదు, పావు వంతు గీత చూడండి

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాం. నేను హెచ్‌1బీ మీద ఒక చమురు సర్వీసుల కంపెనీలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. నాలుగైదేళ్లలో హైదరాబాదు వెళ్లిపోవాలని ఆలోచన. పైప్‌లైన్ ఎంఎల్‌పీల్లో ఏడెనిమిది శాతం వస్తుందనీ, నేరుగా కొంటే కే-1 (భాగస్వాములకు వచ్చే పన్ను కాగితం) తలనొప్పి కాబట్టి ఫండు కొనుక్కోమనీ ఆఫీసులో అంటున్నారు. 30 వేల డాలర్లు పెట్టగలను. ఏఎంఎల్‌పీలో 7 శాతం పైన కనిపిస్తోంది, ఎంఎల్‌పీఎక్స్‌లో 5 లోపే. రెండిట్లో ఉన్నవి అవే పైప్‌లైన్లు కదా, ఇంత తేడా ఎందుకు? ఎక్కువ ఇచ్చేది కొంటే పోదా? రాత్ ఐఆర్ఏలో (పన్ను లేకుండా పెరిగే రిటైర్మెంటు ఖాతాలో) పెట్టేస్తే పన్ను గొడవ వదిలిపోతుందా? రాజమండ్రిలో ఉన్న నాన్నగారు కూడా కొంత పెడతానంటున్నారు.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఆ రెండు ఫండ్లలో ఉన్నవి అవే పైప్‌లైన్లు కావండి. ఏఎంఎల్‌పీలో దాదాపు అన్నీ ఎంఎల్‌పీలే, అంటే షేర్ మార్కెట్లో యూనిట్లు అమ్ముకునే భాగస్వామ్య సంస్థలు. ఎంఎల్‌పీఎక్స్‌లో వాటి వాటా పావు వంతే. మిగతా ముప్పావూ విలియమ్స్, కిండర్ మోర్గన్, వన్‌ఓక్, ఎన్‌బ్రిడ్జ్ లాంటి మామూలు కార్పొరేషన్లు. ఆ పావు వంతన్నది ఫండు మేనేజరు ఇష్టాన్ని బట్టి పెట్టుకున్నది కాదు, చట్టం గీసిన గీత. ఎంఎల్‌పీ ఫండు ఎంచుకోవడమంటే ముందు ఆ గీతకు ఏ పక్క ఉండాలో తేల్చుకోవడమే. రాబడి శాతం, ఫండు పేరు ఆ తర్వాత.

గీత ఎందుకొచ్చిందో తెలిస్తే మిగతాది తేలిక. 1980లలో పన్ను తప్పించుకోవడానికి రకరకాల కంపెనీలు భాగస్వామ్య రూపంలోకి మారడం మొదలుపెడితే 1987లో అమెరికన్ కాంగ్రెస్ తలుపు మూసింది. ఒక్క కిటికీ మాత్రం వదిలింది: ఆదాయంలో 90 శాతం ఇంధనం, సహజ వనరుల తవ్వకం, రవాణా, నిల్వ లాంటి పనుల నుంచి వస్తే ఆ సంస్థ భాగస్వామ్యంగానే కొనసాగవచ్చు, సంస్థ స్థాయిలో ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. ఎంటర్‌ప్రైజ్ ప్రోడక్ట్స్, ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, ఎంపీఎల్‌ఎక్స్, ప్లెయిన్స్ ఇప్పటికీ అలా ఉన్నవే. తర్వాత 2004లో వచ్చిన చట్టం మ్యూచువల్ ఫండ్లకూ, షేర్లలా కొనుక్కునే ఈటీఎఫ్‌లకూ ఈ యూనిట్లు కొనే వీలిచ్చింది, కానీ ఆస్తిలో 25 శాతం దాకానే. ఆ లోపల ఉంటే ఫండు 'రెగ్యులేటెడ్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ'. వచ్చింది పంచేసినంత కాలం తాను పన్ను కట్టదు. ఒక్క శాతం దాటినా అది మామూలు కార్పొరేషన్ కింద లెక్క. ఎక్సాన్ ఎలా 21 శాతం ఫెడరల్ పన్ను కడుతుందో ఫండు కూడా అలాగే కట్టాలి, పైన రాష్ట్రాల పన్ను.

కాబట్టి సంస్థ స్థాయిలో పన్ను లేదని మురిసి ఎంఎల్‌పీలు కొంటే, వాటిని నింపుకున్న ఫండే ఆ పన్ను కట్టే విచిత్రం జరుగుతుంది. ఇంత పన్ను పెట్టుకుని 7 శాతం ఎలా ఇస్తోందని మీకు సందేహం రావాలి. ఆ లెక్క ఇది.

ఫండుకు ఎంఎల్‌పీల నుంచి వచ్చే డిస్ట్రిబ్యూషన్‌లో ఎక్కువ భాగం లాభం కాదు, పన్ను లెక్కల్లో అది పెట్టిన అసలు సొమ్ము తిరిగి రావడమే. పైప్‌లైన్ల మీద తరుగుదల అంత పెద్దది కనక పుస్తకాల్లో లాభం చిన్నగా, చేతికొచ్చే నగదు పెద్దగా ఉంటుంది. అందుకని ఫండు ఈ ఏడాది కట్టాల్సిన పన్ను చాలా తక్కువ. అయితే ముందు ముందు కట్టాల్సింది పేరుకుంటూ ఉంటుంది. దాన్ని 'డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ' కింద రోజూ యూనిట్ విలువలోంచి తీసేసే చూపిస్తారు. ఉదాహరణకి విలువ 50 డాలర్లుంది, లోపలి ఆస్తులు 10 శాతం పెరిగాయి, అంటే 5 డాలర్లు. ఫెడరల్, రాష్ట్రాలవి కలిపి 23 శాతం అనుకుంటే 1.15 పన్ను కింద పక్కకు పోతుంది. మీకు కనిపించే పెరుగుదల 3.85, అంటే 7.7 శాతం. ధర అసలు కదలకపోయినా ఈ బాకీ పెరగొచ్చు, ఎందుకంటే అసలు తిరిగొచ్చిన కొద్దీ ఫండు కొనుగోలు ధర పుస్తకాల్లో తగ్గుతూ పోతుంది.

పడేటప్పుడు సంగతి వేరు. బాకీ మిగిలున్నంతవరకు అది కొంత మెత్తలా పనిచేస్తుంది: 10 శాతం పడితే మీకు 7.7 పడుతుంది. బాకీ సున్నాకి చేరాక ఆ మెత్త ఉండదు, పతనం పూర్తిగా మీదే. నష్టాల వల్ల రావాల్సిన పన్ను లాభాన్ని ఆడిటర్లు సాధారణంగా లెక్కలోకి రానివ్వరు. తర్వాత మార్కెట్ లేచినప్పుడు మాత్రం ఆ పాత నష్టాలు ఖర్చయ్యేదాకా పన్ను కోత లేకుండా ఫండు ఇండెక్సుతో సమానంగా పరిగెడుతుంది. 2020 తర్వాత గీత దాటిన ఫండ్లు అంత బాగా కనిపించడానికి ఇదొక కారణం. వాటి గత ఐదేళ్ల రాబడి చూసి రాబోయే ఐదేళ్లూ అలాగే ఉంటుందనుకోవద్దు.

అందుకే ఫండు వార్షిక నివేదికలో ఆస్తులు, అప్పుల పట్టిక తెరిచి 'డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ' వరస చూడండి. సున్నా దగ్గర ఉంటే కొన్నాళ్లు కోత తక్కువ, పతనమొస్తే మెత్త లేదు. మొత్తం ఆస్తిలో పెద్ద వాటా ఉంటే దానికి తిరగేసి చదువుకోండి. ఖర్చుల నిష్పత్తి దగ్గర కూడా ఇదే తికమక. ఏఎంఎల్‌పీ నిర్వహణ చార్జీ 0.85 శాతం, కానీ మంచి పెరుగుదల ఉన్న కాలంలో ప్రాస్పెక్టస్‌లో మొత్తం ఖర్చు 8 శాతం దాటి కనిపించిన సందర్భముంది. ఎవరో దోచుకున్నారని గగ్గోలు పెట్టినవాళ్లున్నారు. అది చార్జీ కాదు, ఆ ఏడాది పక్కన పెట్టిన పన్ను. ఒక ఏడాది 8, ఇంకో ఏడాది 0.85 కనిపిస్తే రెండూ నిజమే. చార్జీలు పోల్చేటప్పుడు నిర్వహణ చార్జీతో నిర్వహణ చార్జీనే పోల్చండి.

ఇక మీకు ఊరింపుగా కనిపిస్తున్న ఆ 7 శాతం సంగతి. గీత దాటిన ఫండు ఇచ్చేదాంట్లో కూడా పెద్ద భాగం మీ అసలే మీకు తిరిగి రావడం. 10 వేలు పెట్టారు, ఏడాదికి 750 వచ్చింది, అందులో 70 శాతం అసలు తిరిగొచ్చినట్టు తేలిందనుకోండి (ఇది ఏటా మారుతుంది). అంటే 525 మీద ఈ ఏడు పన్ను లేదు, మిగతా 225 మీద క్వాలిఫైడ్ డివిడెండ్ రేటు, మామూలుగా 15 శాతం. పన్ను 34 డాలర్ల లోపు. ఐదేళ్లకు మీ కొనుగోలు ధర 10 వేల నుంచి 7,375కి దిగుతుంది. అప్పుడు సరిగ్గా 10 వేలకే అమ్మినా పుస్తకాల్లో 2,625 లాభం, దాని మీద 15 శాతం, 394 డాలర్లు. పన్ను మాఫీ కాలేదు, వాయిదా పడింది. కొనుగోలు ధర సున్నాకి చేరితే అక్కణ్నుంచి వచ్చే ప్రతి డాలరూ పెట్టుబడి లాభమే. ఈ వాయిదా మంచి సౌకర్యమే, కాదనడం లేదు. కానీ 7 శాతాన్ని బ్యాంకు వడ్డీలా చదువుకుంటే చేతి చమురు వదిలించుకోవడమే. లోపలి యూనిట్ల ధర నిలబడకపోతే మీ డబ్బే మీకు విడతల్లో ఇస్తున్నట్టు లెక్క.

గీత లోపలి ఫండ్లకు ఈ గందరగోళమంతా లేదు. ముప్పావు వాటా కార్పొరేషన్లు, వాటి డివిడెండు ఎంఎల్‌పీలు పంచేంత ఉండదు కనక రాబడి 4, 5 శాతం చుట్టూ ఉంటుంది. కానీ ఆస్తులు 10 శాతం పెరిగితే చార్జీ పోను ఆ పదీ మీకే. రాబడి చిన్నది కదా అని వీటిని పక్కన పెట్టేస్తే పొరపాటు. మొత్తంగా చేతికొచ్చేది, అంటే పంపిణీ, ధరలో మార్పు కలిపి చూడాలి.

ఏ ఖాతాలో ఏది అన్న దానికి జవాబు ఇప్పుడు దానంతటదే వస్తుంది. రాత్ ఐఆర్ఏలో గీత లోపలి ఫండే పెట్టండి. గీత దాటిన ఫండు రాత్‌లో పెడితే చట్టప్రకారం తప్పేమీ లేదు, మీకు పన్ను కాగితాలూ రావు. కానీ ఫండు లోపల పన్ను కోత జరుగుతూనే ఉంటుంది, దాన్ని రాత్ ఆపలేదు. వాయిదా సౌకర్యానికి రాత్‌లో విలువే లేదు, అక్కడ ఎలాగూ పన్ను లేదు కదా. నష్టం మాత్రం ఉంచుకుని లాభం వదిలేసినట్టు. మీ ఆఫీసువాళ్లెవరైనా ఐఆర్ఏలో నేరుగా ఎంఎల్‌పీ యూనిట్లే కొనమంటే అస్సలు వద్దు. అన్ని ఎంఎల్‌పీలవీ కలిపి ఏడాదికి 'అన్‌రిలేటెడ్ బిజినెస్ ట్యాక్సబుల్ ఇన్‌కం' (ఐఆర్ఏకు వ్యాపారం నుంచి వచ్చినట్టు లెక్కేసే ఆదాయం) 1,000 డాలర్లు దాటితే ఐఆర్ఏ పేరు మీద 990-టీ రిటర్ను వేయాలి. పన్ను ట్రస్టుల రేట్లలో పడుతుంది, 15, 16 వేలు దాటగానే 37 శాతం. చాలామందికి ఇది యూనిట్లు అమ్మిన ఏడాదే తెలుస్తుంది, ఎందుకంటే పాత తరుగుదలంతా అమ్మకం రోజున మామూలు ఆదాయంగా తిరిగొస్తుంది. ఫండ్లలో, గీతకు ఏ పక్కవైనా, ఈ బెడద లేదు.

మామూలు బ్రోకరేజీ ఖాతాలో రెండూ సరిపోతాయి. మీరు 22 లేక 24 శాతం శ్లాబులో ఉండి, ఇప్పుడు నగదు కావాలనుకుంటే గీత దాటిన ఫండుకు అర్థముంది. నగదు అవసరం లేకుండా పెరగడమే కావాలనుకుంటే గీత లోపలిదే మేలు.

పేర్లు. గీత దాటినవాటిలో పెద్దది ఏఎంఎల్‌పీ, 2010 నుంచి ఉంది. అదే తరహాలో ఎంఎల్‌పీఏ, చార్జీ 0.45. లోపలున్నవి చాలావరకు అవే పేర్లు కనక 0.85 పెట్టి మొదటిది కొనడానికి నాకైతే గట్టి కారణం కనిపించదు. రోజువారీ లావాదేవీల పరిమాణం ఎక్కువన్నది ఒక్కటే, 30 వేలు పెట్టేవాళ్లకు దాంతో పనిలేదు. గీత లోపలివాటిలో ఈఎన్‌ఎఫ్ఆర్ చార్జీ 0.35, టీపీవైపీ 0.40, ఎంఎల్‌పీఎక్స్ 0.45. ఈఎంఎల్‌పీ అని ఇంకోటుంది. పేరులో ఎంఎల్‌పీ ఉన్నా అందులో విద్యుత్ పంపిణీ కంపెనీలే బోలెడు, చార్జీ 0.95 దగ్గర. చమురు ధరలకు తక్కువ ఊగుతుంది, కానీ మీరడిగిన వస్తువు అది కాదు. చార్జీలు మారుతుంటాయి కనక కొనే రోజు ఫండు పేజీలో ఒకసారి సరిచూసుకోండి. ఏ కొత్త ఫండు ఎదురైనా ప్రాస్పెక్టస్‌లో పన్నుల భాగం తెరిస్తే 'రెగ్యులేటెడ్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ' అనో, 'సీ కార్పొరేషన్' (పన్ను కట్టే మామూలు కార్పొరేషన్) అనో కచ్చితంగా రాసి ఉంటుంది. మూడు నిమిషాల పని.

ఈటీఎన్‌లు, క్లోజ్డ్ ఎండ్ ఫండ్లు మీకు వద్దు. ఈటీఎన్ ఫండే కాదు, బ్యాంకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. గీత బాధ లేదు, ఇండెక్సు వెంట నీడలా నడుస్తుంది, కానీ వచ్చే కూపనంతా మామూలు ఆదాయం కింద పన్ను, పైగా బ్యాంకు మునిగితే మీరు అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. గడువు కూడా ఉంటుంది: జేపీ మోర్గన్ వారి ఏఎంజే 2009లో మొదలై 2024 మేలో గడువు తీరింది, అట్టిపెట్టుకుందామనుకున్నవాళ్లకూ నగదు చేతిలో పెట్టి పన్ను లెక్క తేల్చేశారు. క్లోజ్డ్ ఎండ్ ఫండ్లది, అంటే షేర్ల సంఖ్య పెరగకుండా మార్కెట్లోనే చేతులు మారే ఫండ్లది, ఇంకో కథ. అవి అప్పు తెచ్చి కొంటాయి, 1940 నాటి చట్టం ప్రకారం అప్పు మొత్తం ఆస్తిలో మూడోవంతు మించకూడదు. 2020 మార్చిలో ఎంఎల్‌పీ ఇండెక్సు ఒక్క నెలలో దాదాపు సగానికి పడినప్పుడు ఆ నిష్పత్తి నిలబెట్టుకోవడానికి అవి అట్టడుగు ధరకు తెగనమ్ముకోవాల్సి వచ్చింది. తర్వాత ధరలు లేచినా, లేవడానికి వాళ్ల దగ్గర సరుకు మిగల్లేదు. నికర విలువ కన్నా 12, 15 శాతం తక్కువకు దొరుకుతోందని వాటిని చవక అనుకోవద్దు.

పైప్‌లైన్ అంటే టోల్ గేటు, చమురు ధరతో పనిలేదు అన్న మాట మీరు వినే ఉంటారు. సగం నిజం. పెద్ద పైప్‌లైన్లకు దీర్ఘకాలిక ఒప్పందాలుంటాయి, సరుకు పంపినా పంపకపోయినా రుసుము కట్టాలి. బావుల దగ్గర గ్యాస్ సేకరించి శుద్ధి చేసే సంస్థలకు ఆ ధీమా తక్కువ. బావి తవ్వేవాడు ఆగిపోతే వీళ్లూ ఆగుతారు. 2015లో ఇండెక్సు మూడోవంతు దాకా కోల్పోయింది. 2018 మార్చిలో ఫెర్క్ అనే ఫెడరల్ నియంత్రణ సంస్థ, ఎంఎల్‌పీ పైప్‌లైన్లు రుసుముల్లో ఆదాయపు పన్ను భారాన్ని కలుపుకోకూడదని ఒక్క ప్రకటన చేస్తే ఆ ఒక్కరోజే యూనిట్లు కుప్పకూలాయి. 2020లో ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, వెస్టర్న్ మిడ్‌స్ట్రీమ్ డిస్ట్రిబ్యూషన్ సగానికి కోసేశాయి. అదే కాలంలో ఎంటర్‌ప్రైజ్ పెంచుతూనే పోయింది. ఏఎంఎల్‌పీ పాత ధరల చార్టు చూస్తే 2020లో ఐదు షేర్లను ఒకటి చేసిన రివర్స్ స్ప్లిట్ ఉంది. దాని ముందరి ధరలతో ఇప్పటివి పోల్చి పెరిగిందనుకోకండి.

ఇంకో సంగతి, ఎంఎల్‌పీల సంఖ్యే తగ్గిపోతోంది. 2014లో కిండర్ మోర్గన్ తన భాగస్వామ్య సంస్థలను మింగేసింది, 2023లో మెజెలాన్‌ను వన్‌ఓక్, క్రెస్ట్‌వుడ్‌ను ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, 2024లో నూస్టార్‌ను సునోకో కొనేశాయి. మెజెలాన్ యూనిట్లు ఏళ్ల తరబడి నేరుగా అట్టిపెట్టుకున్నవాళ్లకు, అమ్మే ఉద్దేశం లేకపోయినా, వాయిదా పడ్డ పన్నంతా ఒకే ఏడాది మీద పడింది. మిగిలిన ఎంఎల్‌పీలు కొన్నే కనక గీత దాటిన ఫండ్లలో పై ఆరేడు పేర్లే సగానికి బాగా పైన ఉంటాయి. ఏఎంఎల్‌పీ సగం, ఎంఎల్‌పీఏ సగం కొని రెండు బుట్టల్లో పెట్టామనుకునేవాళ్లున్నారు, అది ఒకే బుట్టకు రెండు పేర్లు.

మీ విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కలవరం ఇదే. జీతం చమురు సర్వీసుల నుంచి, ఇల్లు హ్యూస్టన్ పక్కన, వీసా ఆ ఉద్యోగం మీద. చమురు పడితే ఈ మూడూ, ఈ పెట్టుబడీ ఒకేసారి మంచం పడతాయి. 30 వేలు మీ మొత్తం పొదుపులో 5 శాతం లోపైతే పెట్టండి. ఎక్కువైతే ఆ శాతానికి కుదించుకోండి. కంపెనీ షేర్లు కూడా ఉంటే వాటినీ ఈ లెక్కలో కలపండి.

ఇక ఇండియా తిరిగి వెళ్లే సంగతి. హెచ్‌1బీ మీద ఇక్కడున్నంతకాలం పన్నుల్లో మీరు పౌరుల్లాగే రెసిడెంట్. వెళ్లిపోయాక నాన్ రెసిడెంట్ అవుతారు, అప్పుడు నేరుగా ఉన్న ఎంఎల్‌పీ యూనిట్లు గుదిబండ. ప్రతి డిస్ట్రిబ్యూషన్‌లో 37 శాతం ముందే కోస్తారు. 2023 జనవరి నుంచి అమ్మినప్పుడు వచ్చిన మొత్తం మీద, లాభం మీద కాదు, మొత్తం మీద 10 శాతం పట్టుకుంటారు. నష్టానికి అమ్మినా అంతే. తిరిగి రాబట్టుకోవాలంటే 1040-ఎన్ఆర్ అనే నాన్ రెసిడెంట్ల రిటర్ను వేయాలి. ఫండు షేర్లకు ఇది వర్తించదు. డివిడెండ్ భాగం మీద రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 25 శాతం కోత, అంతే. అందుకే మీరు నేరుగా యూనిట్లు కొనకుండా ఫండు వెతకడం మంచి నిర్ణయం, మీవాళ్లు చెప్పిన కే-1 కారణం కన్నా ఇది పెద్ద కారణం.

ఇందులోనే ఒక వెసులుబాటు కూడా ఉంది. నాన్ రెసిడెంట్‌కు ఇలాంటి ఫండు షేర్ల అమ్మకం లాభం మీద అమెరికా సాధారణంగా పన్ను వేయదు. ఇండియాలో మొదటి రెండు మూడేళ్లు 'ఆర్ఎన్ఓఆర్' (రెసిడెంటే గానీ ఇంకా సాధారణ రెసిడెంటు కాని) హోదా దొరికితే విదేశీ లాభం మీద అక్కడా ఉండదు. అంటే గీత దాటిన ఫండులో ఏళ్ల తరబడి వాయిదా పడ్డ ఆ 394 డాలర్ల లాంటిది, అమ్మకం తేదీ సరిగ్గా పడితే, ఎవరికీ కట్టక్కర్లేని పరిస్థితి రావచ్చు. వెళ్లిన ఏడాది మధ్యలో అమ్మితే లెక్క తారుమారవుతుంది, కాబట్టి తేదీ ఖాయం చేసుకునేముందు ఇక్కడి సీపీఏనూ అక్కడి సీఏనూ ఇద్దర్నీ అడగండి. రాత్ ఖాతాకు భారత చట్టంలో ఈ పేరు మీద ప్రత్యేక మినహాయింపు లేదు, అదీ అప్పుడే అడగండి. మరొకటి: వెళ్లిపోయాక అమెరికాలో ఉన్న ఆస్తులకు ఎస్టేట్ పన్ను (యజమాని పోయాక ఆస్తి మీద పడే పన్ను) మినహాయింపు 60 వేల డాలర్లే. రెండు దేశాల మధ్య దీనికి ఒప్పందం లేదు. ఖాతాలన్నీ కలిపి అది దాటితే వెళ్లేముందే ఆలోచించాల్సిన విషయం.

కాబట్టి నా సలహా: రాత్‌లో ఉన్న డబ్బులో 5 శాతం దాకా ఈఎన్‌ఎఫ్ఆర్ లేదా ఎంఎల్‌పీఎక్స్. బ్రోకరేజీ ఖాతాలో నగదు కావాలంటే ఎంఎల్‌పీఏ, వద్దనుకుంటే అక్కడా ఈఎన్‌ఎఫ్ఆర్. మొత్తం ఒకేరోజు కాకుండా మూడు నాలుగు విడతలుగా, లిమిట్ ఆర్డరుతో, మార్కెట్ తెరిచిన మొదటి పావుగంట వదిలేసి కొనండి. ఫిబ్రవరి మొదట్లో బ్రోకరు పంపే 1099 పన్ను కాగితం పట్టుకుని రిటర్ను వేసేయకండి. ఎంత భాగం అసలు, ఎంత డివిడెండ్ అన్నది ఏడాది ముగిశాకే తేలుతుంది కనక సవరించిన 1099 వచ్చే అవకాశం ఎక్కువ, మార్చి మధ్యదాకా ఆగితే మళ్లీ వేసే పని తప్పుతుంది. అందులో 3వ గడిలో ఉండేదే అసలు తిరిగొచ్చిన భాగం. బ్రోకరు మీ కొనుగోలు ధర ఆ మేరకు తగ్గించాడో లేదో ఏటా చూసుకోండి. వేరే బ్రోకరుకు ఖాతా మారిస్తే ఈ లెక్క చెదిరిపోయిన సందర్భాలుంటాయి, పాత 1099లన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

నాన్నగారికి మాత్రం వద్దనే చెప్తాను. ఆయన మొదటినుంచీ నాన్ రెసిడెంటే. డివిడెండ్‌లో 25 శాతం ఇక్కడ పోతుంది, చాలామంది బ్రోకర్లు అసలు తిరిగొచ్చే భాగాన్ని కూడా ముందు డివిడెండ్‌గానే భావించి కోసేస్తారు. ఇండియాలో మిగతాది శ్లాబు ప్రకారం, ఇక్కడ కట్టినదానికి క్రెడిట్ తీసుకోవడానికి వేరే ఫారం. ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను), రిటర్ను వేశాక తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మరిచిపోతే జరిమానా వేరే. రాబడి కోసం ఈ వయసులో ఆయనకు ఇంత కాగితాల బరువు అక్కర్లేదు.

ఆయన వెతుకుతున్నది అక్కడే ఉంది. ఇన్విట్‌లు (మౌలిక వసతుల పెట్టుబడి ట్రస్టులు) ఇదే ఆలోచనకు భారతీయ రూపం: పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు ఇవ్వాలి, యూనిట్లు డీమ్యాట్ ఖాతాతో స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో కొనుక్కోవచ్చు. విద్యుత్ లైన్ల మీద నడిచే పవర్‌గ్రిడ్ ఇన్విట్, ఇండిగ్రిడ్ అందరికీ దొరుకుతాయి. కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లే గ్యాస్ పైప్‌లైను కూడా ఒక ఇన్విట్ చేతిలోనే ఉంది, కానీ అది ప్రైవేట్ ప్లేస్‌మెంట్ రకం, చిన్న మొత్తాలతో కొనేది కాదు. ఒకటి మాత్రం ఆయనకు ముందే చెప్పండి. ఇన్విట్ పంపిణీలో కూడా వడ్డీ, డివిడెండ్, అసలు తిరిగి రావడం అని వేర్వేరు భాగాలుంటాయి, ప్రతిసారీ ట్రస్టు పంపే కాగితంలో వాటిని విడివిడిగా రాస్తారు. అసలు భాగం కొన్న ధరలోంచి తీసేయాలి. బ్యాంకు ఖాతాలో పడ్డ మొత్తం అంకె ఒక్కటే చూసి వడ్డీ బాగుందని ఆయన ఇంకో రెండు లక్షలు పెట్టేముందు ఆ కాగితం మీరిద్దరూ కలిసి ఒకసారి చదవండి.